ఆస్ట్రేలియా నైపుణ్య వీసాలు: ఐటీ ఉద్యోగుల వృత్తి నైపుణ్య మదింపు

ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం కోరే కంప్యూటర్ రంగ ఉద్యోగి వీసాకు దరఖాస్తు పెట్టడానికి ముందే తన చదువునూ ఉద్యోగానుభవాన్నీ అక్కడి ప్రభుత్వం గుర్తించిన సంస్థకు చూపించి, ఫలానా వృత్తికి తగినవాడినని అనిపించుకోవాలి. దీన్ని వృత్తి నైపుణ్య మదింపు అంటారు. ఐటీ వృత్తుల్లో అత్యధిక భాగానికి ఈ పని చేసేది ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ (ఏసీఎస్). 1966లో ఏర్పడిన ఈ వృత్తి సంఘం పేరునే మనవాళ్లు ప్రక్రియకూ వాడేస్తున్నారు. ‘ఏసీఎస్ అయిందా?’, ‘ఏసీఎస్‌లో నాలుగేళ్లు కట్ చేశారు’ అనే మాటలు హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో తరచూ వినిపిస్తాయి.

ఇది పరీక్ష కాదు. ఇంటర్వ్యూ ఉండదు, కోడ్ రాయమని ఎవరూ అడగరు. మదింపు మొత్తం కాగితాల మీదే జరుగుతుంది. డిగ్రీ పట్టా, మార్కుల మెమోలు, పాత కంపెనీలు ఇచ్చిన లేఖలు, జీతం అందినట్టు చూపే ఆధారాలు ఆన్‌లైన్‌లో పంపితే, కొన్ని వారాల తర్వాత ఒక ఫలితపత్రం వస్తుంది. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. పని బాగా చేసిన మనిషికన్నా, చేసిన పనికి మంచి రుజువు దాచుకున్న మనిషికి ఇది ఎక్కువ అనుకూలం.

ఎలా వచ్చింది

ఆస్ట్రేలియా చాలాకాలం తెల్లవారిని మాత్రమే రానిచ్చిన దేశం. 1901 నాటి వలస నియంత్రణ చట్టంతో మొదలైన ఆ విధానం 1973లో గఫ్ విట్లమ్ ప్రభుత్వ హయాంలో పూర్తిగా ముగిసింది. పుట్టిన దేశం బదులు చదువు, వయసు, భాష చూడాలన్న ఆలోచనతో 1979లో పాయింట్ల పద్ధతి ప్రవేశపెట్టారు. విదేశీ డిగ్రీల విలువ తేల్చడానికి 1969లోనే ఒక ప్రభుత్వ కమిటీ వేశారు. అయితే ఆ రోజుల్లో వలసదారు ముందు వచ్చేవాడు, ఆ తర్వాత తన పట్టాకు గుర్తింపు కోసం తిరిగేవాడు. ఇంజనీర్లుగా, డాక్టర్లుగా వీసా పొందినవారు వచ్చాక ఏళ్ల తరబడి ఇతర పనుల్లో మిగిలిపోవడం 1990లలో పెద్ద చర్చనీయాంశమైంది. దానికి జవాబుగా 1999లో స్వతంత్ర నైపుణ్య వలసకు దరఖాస్తు పెట్టేవారు బయలుదేరకముందే వృత్తి సంఘం చేత మదింపు చేయించుకోవడం తప్పనిసరి చేశారు.

ఆ కాలం తెలుగువారికి కలిసొచ్చింది. 1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కళాశాలలు పట్టణ పట్టణానా వెలుస్తున్న రోజులవి. అమెరికా దారి ఇరుకైనప్పుడల్లా ఆస్ట్రేలియా వైపు చూసేవారి సంఖ్య పెరుగుతూ వచ్చింది. 2016 ఆస్ట్రేలియా జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవారు సుమారు 34 వేలు. 2021 నాటికి వారు 59 వేలు దాటారు. వీరందరూ ఈ మదింపు ద్వారా వచ్చినవారు కారు. విద్యార్థులూ, కుటుంబ సభ్యులూ, కంపెనీ స్పాన్సర్ చేసినవారూ ఉన్నారు. అయినా ఆ ఎదుగుదల వెనుక ఐటీ పాత్ర ఎంతో మెల్‌బోర్న్, సిడ్నీ తెలుగు సంఘాల సమావేశాలకు వెళ్లినవారికి తెలుసు.

2012 జూలైలో స్కిల్‌సెలెక్ట్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి అభ్యర్థి నేరుగా వీసాకు దరఖాస్తు పెట్టలేడు. మదింపు చేయించుకుని, ఇంగ్లిష్ పరీక్ష రాసి, తన పాయింట్లు లెక్కకట్టి ఆసక్తి ప్రకటన నమోదు చేయాలి. ప్రభుత్వం ఆహ్వానిస్తేనే దరఖాస్తు. ఈ దారిలో దొరికే వీసాలు మూడు: స్వతంత్రంగా వెళ్లే 189, రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేసే 190, ప్రాంతీయ ఆస్ట్రేలియాలో ఉండాల్సిన తాత్కాలిక 491. చివరిది 2019 నవంబర్‌లో మొదలైంది. కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక వీసాకు మన దేశపు ఐటీ ఉద్యోగులకు సాధారణంగా ఈ మదింపు అక్కర్లేదు.

కోడ్ ఎంపిక

మదింపు ఏదో ఒక నిర్దిష్ట వృత్తికే జరుగుతుంది. ఆ వృత్తుల జాబితా ఆంజ్‌స్కో అనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడి వర్గీకరణలో ఉంటుంది. 2006లో వెలువడిన ఈ వర్గీకరణలో ప్రతి వృత్తికీ ఆరంకెల కోడ్ ఉంది. అనలిస్ట్ ప్రోగ్రామర్‌కు 261311, డెవలపర్ ప్రోగ్రామర్‌కు 261312, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు 261313. బిజినెస్ అనలిస్ట్‌ది 261111, సిస్టమ్స్ అనలిస్ట్‌ది 261112, డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ది 262111, నెట్‌వర్క్ అండ్ సిస్టమ్స్ ఇంజనీర్‌ది 263111.

మన కంపెనీల్లో హోదాల పేర్లు పని గురించి ఏమీ చెప్పవు. అసోసియేట్, కన్సల్టెంట్, టెక్నాలజీ లీడ్ అన్నవి జీతపు మెట్లు. ఒకే హోదాలో ఒకరు జావాలో ప్రోగ్రాములు రాస్తుంటే, ఇంకొకరు అర్ధరాత్రి షిఫ్టులో సర్వర్లు చూస్తుంటారు. ఏసీఎస్ చూసేది హోదాను కాదు, రోజూ చేసే పనిని. చెప్పిన విధుల్లో కనీసం 65 శాతం ఎంచుకున్న కోడ్‌కు దగ్గరగా ఉండాలి. అందుకే స్నేహితుడికి 261313లో వచ్చిందని తనూ అదే పెట్టడం తెలివైన పని కాదు. టెస్టింగ్‌లో పదేళ్లు చేసినవారు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా దరఖాస్తు పెట్టి అనుభవమంతా పోగొట్టుకునే ప్రమాదముంది. వారికి టెస్టర్, క్వాలిటీ అష్యూరెన్స్ కోడ్‌లు వేరుగా ఉన్నాయి.

కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి ఉద్యోగమూ ఏసీఎస్ పరిధిలోకి రాదు. టెలికాం ఇంజనీర్లను ఇంజనీర్స్ ఆస్ట్రేలియా మదిస్తుంది. హార్డ్‌వేర్ టెక్నీషియన్లూ, కస్టమర్ సపోర్ట్ సిబ్బందీ ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియాకు వెళ్లాలి.

డిగ్రీని బట్టి కోత

ఏసీఎస్ మార్కుల మెమోలోని ఒక్కో సబ్జెక్టును చూసి, ఆ డిగ్రీలో కంప్యూటర్ చదువు ఎంత, అందులో ఎంచుకున్న వృత్తికి దగ్గరిది ఎంత అని తేలుస్తుంది. కంప్యూటర్ సబ్జెక్టులు ప్రధానంగా ఉంటే మేజర్, తక్కువగా ఉంటే మైనర్, సరిపోకపోతే ఐటీయేతర డిగ్రీ. మేజర్ అయ్యి వృత్తికి దగ్గరగా ఉంటే, గత పదేళ్లలో రెండేళ్ల అనుభవం చూపాలి. మేజర్ అయినా వృత్తికి దగ్గరగా లేకపోతే నాలుగేళ్లు. మైనర్‌కు అయిదారేళ్లు. ఐటీయేతర డిగ్రీతో వచ్చేవారికి సాధారణంగా ఆరేళ్లు. అసలు డిగ్రీయే లేనివారికి ఎనిమిదేళ్లు.

ఈ ఏళ్లు అర్హతకు అడిగినవి మాత్రమే అయితే ఎవరికీ బాధ లేకపోయేది. ఏసీఎస్ వాటిని అనుభవం లెక్కలోంచి తీసేస్తుంది. ఫలితపత్రంలో ‘ఫలానా నెల, ఫలానా సంవత్సరం తర్వాత చేసిన ఉద్యోగాన్ని నైపుణ్య స్థాయి ఉద్యోగంగా పరిగణిస్తాం’ అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. ఉత్తరమంతటిలో ప్రాణం ఆ తేదీలోనే ఉంది. పాయింట్లకు లెక్కపెట్టేది ఆ తేదీ తర్వాతి సర్వీసునే.

ముగ్గురు ఉద్యోగులను ఊహించుకుందాం. ముగ్గురూ 2015 జూలైలో గచ్చిబౌలిలోని ఒకే కంపెనీలో, ఒకే ప్రాజెక్టులో డెవలపర్లుగా చేరారు. ఒకరు సీఎస్‌ఈ, ఒకరు ఈసీఈ, ఒకరు మెకానికల్. ముగ్గురూ 2024లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కోడ్‌లో మదింపు చేయించుకున్నారు. సీఎస్‌ఈ వ్యక్తికి రెండేళ్లు పోయి 2017 జూలై తేదీ వచ్చింది. ఈసీఈ వ్యక్తి సబ్జెక్టులు మేజరే కానీ వృత్తికి దగ్గరివి కావని తేలితే నాలుగేళ్లు పోయి 2019 జూలై. మెకానికల్ వ్యక్తికి ఆరేళ్లు పోయి 2021 జూలై. అదే ఉద్యోగంలో కొనసాగిన ఆ ముగ్గురూ 2025 ఆగస్టులో పాయింట్లు లెక్క చూసుకుంటే, మొదటివారికి ఎనిమిదేళ్ల సర్వీసుకు 15, రెండోవారికి ఆరేళ్లకు 10, మూడోవారికి నాలుగేళ్లకు 5 వస్తాయి. పదేళ్లు పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసినవారి మధ్య పది పాయింట్ల తేడా వచ్చింది.

దీని వెనుక తర్కం లేకపోలేదు. ఆంజ్‌స్కోలో ఈ వృత్తులు మొదటి నైపుణ్య స్థాయివి. వాటికి బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, లేదా దాని బదులు కనీసం అయిదేళ్ల సంబంధిత అనుభవం ఉండాలి. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవారు మొదటి కొన్నేళ్లు ఆ స్థాయికి చేరుకుంటున్నట్టు లెక్క కాబట్టి ఆ ఏళ్లు నైపుణ్య ఉద్యోగం కావు. ఇంతవరకు ఒప్పుకోవచ్చు. సీఎస్‌ఈ డిగ్రీతో చేరినవారికి కూడా రెండేళ్లు ఎందుకు తీసేయాలన్నదానికి ఇందులో జవాబు లేదు. వర్గీకరణ ప్రకారం వారి డిగ్రీ ఒక్కటే చాలు. ఇంజనీర్స్ ఆస్ట్రేలియా మదించే సివిల్, మెకానికల్ ఇంజనీర్లకు ఇలాంటి కోత లేదు. ఒకే పాయింట్ల పట్టికలో పోటీపడే రెండు వృత్తుల వారిని రెండు రకాల కొలతలతో కొలవడం న్యాయం కాదు.

అనుభవ లేఖ

మనవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడ. ఒరిజినల్ డిగ్రీ (ఓడీ), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో యూనివర్సిటీ చుట్టూ తిరిగితే దొరుకుతాయి. కంపెనీ ఇచ్చే లేఖ అలా దొరకదు. ఏసీఎస్‌కు కావలసిన లేఖ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. చేరిన తేదీ, మానేసిన తేదీ, ఫుల్‌టైమా పార్ట్‌టైమా, ఏ దేశంలో పనిచేశారు, ముఖ్యంగా ఏ విధులు నిర్వర్తించారు అన్నవి అందులో రావాలి. వారానికి 20 గంటలకన్నా తక్కువ పని లెక్కకు రాదు. ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉంటే ఆ సంగతీ రాయాలి. దీనితో పాటు పే స్లిప్‌లు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ల వంటి జీతపు ఆధారాలు పెట్టాలి.

చాలా కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు హోదా, తేదీలు మాత్రమే ఉన్న సర్వీస్ సర్టిఫికెట్ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. విధులు రాసివ్వడం తమ పాలసీలో లేదంటాయి. కంపెనీ మూతపడినా, ఇంకో కంపెనీ కొనేసినా ఆ దారి కూడా ఉండదు. అలాంటప్పుడు పాత మేనేజర్ గానీ, తోటి సీనియర్ గానీ స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాసి నోటరీ ఎదుట సంతకం చేస్తే ఏసీఎస్ పరిశీలిస్తుంది. తాను ఏ హోదాలో ఉన్నదీ, దరఖాస్తుదారుతో ఏ ప్రాజెక్టులో ఎంతకాలం పనిచేసిందీ ఆయన చెప్పాలి. తన గురించి తానే రాసుకున్న ప్రమాణపత్రం చెల్లదు.

విధులు రాయడంలో రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మొదటిది, ఏమీ చెప్పకపోవడం. ‘అప్లికేషన్ డెవలప్‌మెంట్, సపోర్ట్ పనులు చూశారు’ అన్న వాక్యం ఏ కోడ్‌కైనా సరిపోతుంది కాబట్టి ఏ కోడ్‌కూ పనికిరాదు. ‘బ్యాంకు గృహరుణాల విభాగానికి అర్హత లెక్కించే మాడ్యూల్‌ను జావాలో డిజైన్ చేసి రాశారు, దాని డేటాబేస్ పట్టికలు రూపొందించారు, జూనియర్ల కోడ్‌ను సమీక్షించారు’ అంటే మదింపుదారుకు మనిషి కనిపిస్తాడు. రెండోది, ఆంజ్‌స్కో పుస్తకంలోని వివరణను మక్కీకి మక్కీగా దించడం. రోజూ వందల లేఖలు చదివేవారికి ఆ వాక్యాలు కంఠతా వచ్చు. అలాంటి లేఖ నిజమైనదైనా అనుమానానికి దారితీస్తుంది.

పూర్వ అభ్యసన గుర్తింపు

ఐటీయేతర డిగ్రీ ఉన్నవారూ, డిగ్రీ లేనివారూ వెళ్లే దారి ఇది. వాడుకలో ఆర్‌పీఎల్. ఇందులో రెండు ప్రాజెక్టు నివేదికలు రాయాలి: ఒకటి గత మూడేళ్లలోది, మరొకటి గత అయిదేళ్లలోది. వృత్తికి కావలసిన మూల జ్ఞానం తనకు ఎక్కడెక్కడ ఎలా అబ్బిందో కూడా వివరించాలి. సమస్య ఏమిటి, తాను తీసుకున్న నిర్ణయం ఏమిటి, ఎందుకు, ఫలితం ఏమైంది అన్నవి సొంత మాటల్లో రావాలి. మొత్తం మదింపులో అభ్యర్థి గొంతు వినిపించే చోటు ఇదొక్కటే.

ఆ అవకాశాన్ని డబ్బిచ్చి వేరేవారి చేత రాయించుకోవడం పెద్ద వ్యాపారమైంది. ఏజెంట్లు ఒకరి నివేదికను పేర్లు మార్చి పదిమందికి అమ్ముతారు. ఏసీఎస్ ఈ నివేదికలను సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తుంది. నకలని తేలితే దరఖాస్తు తిరస్కరిస్తుంది.

దొంగ అనుభవ లేఖల సంగతి ఇంకా తీవ్రమైనది. ఆస్ట్రేలియా వలస నిబంధనల్లో 4020 అనే ప్రజాహిత నియమం ఉంది. నకిలీ పత్రమో, తప్పుడు సమాచారమో ఇచ్చినట్టు తేలితే వీసా నిరాకరించి మూడేళ్ల పాటు చాలా రకాల వీసాలకు దారి మూసేస్తారు. గుర్తింపు విషయంలో మోసమైతే పదేళ్లు. ఈ నియమం వలస అధికారికి ఇచ్చిన పత్రాలకే కాదు, మదింపు సంస్థకు ఇచ్చిన వాటికీ వర్తిస్తుందని చాలామందికి తెలియదు. కుటుంబమంతా ఒకే దరఖాస్తులో ఉంటే ఒకరి దొంగ లేఖ భార్యాపిల్లల మీద కూడా పడుతుంది. రెండేళ్ల అనుభవం కలుపుతామని చెప్పే కన్సల్టెన్సీ ఆ సంగతి ఎప్పుడూ చెప్పదు.

పాయింట్ల లెక్కలో

అర్హతకు కనీసం 65 పాయింట్లు ఉండాలి. 2018 జూలైకి ముందు ఇది 60. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే గరిష్ఠంగా 30, బ్యాచిలర్ డిగ్రీకి 15, అత్యున్నత స్థాయి ఇంగ్లిష్‌కు 20. 45 ఏళ్లు నిండితే దారి లేదు. విదేశీ అనుభవానికి మూడేళ్లకు 5, అయిదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15. అదీ గత పదేళ్లలోని సర్వీసుకే. ఐటీలో పోటీ తీవ్రంగా ఉండటం వల్ల ఆహ్వానం రావాలంటే 65 ఏమాత్రం చాలదు. అందుకే ఏసీఎస్ కోసిన రెండేళ్లు అంత బరువుగా తోస్తాయి.

కోల్పోయినవి పూడ్చుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. జీవిత భాగస్వామికి కూడా అనుకూల మదింపు, తగిన ఇంగ్లిష్ ఉంటే 10 పాయింట్లు వస్తాయి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లలో భార్య పేరున ముఖ్య దరఖాస్తు పెడితే లాభమా, భర్త పేరున పెడితే లాభమా అన్నది ఇద్దరి ఏసీఎస్ తేదీలు పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోవలసిన విషయం. నాటీ అనే జాతీయ అనువాద గుర్తింపు సంస్థ పెట్టే సామాజిక భాషా పరీక్షలో తెలుగు కూడా ఉంది. ఇంగ్లిష్ నుంచి తెలుగుకూ తెలుగు నుంచి ఇంగ్లిష్‌కూ సంభాషణలను మౌఖికంగా మార్చి చెప్పే ఈ పరీక్షలో నెగ్గితే 5 పాయింట్లు. తల్లిభాష చక్కగా వచ్చినవారికి ఇది అందుబాటులో ఉన్న దారి. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు మాటలు వెతుక్కునేవారు ముందుగా సాధన చేయాలి.

ఆస్ట్రేలియాలోనే చదివినవారి లెక్క వేరు. అక్కడి ఐటీ డిగ్రీకి ఒక ఏడాది అనుభవం గానీ, 44 వారాల ప్రొఫెషనల్ ఇయర్ శిక్షణ గానీ తోడైతే మదింపుకు సరిపోతుంది. ఆ శిక్షణకు అదనంగా 5 పాయింట్లు కూడా ఉన్నాయి.

ఇతర దేశాలు

కెనడా ఐటీ వృత్తులకు ఇలాంటి ముందస్తు మదింపు అడగదు. డిగ్రీ సమానత్వ పత్రం తీసుకుని, అనుభవాన్ని వలస అధికారే నేరుగా పరిశీలిస్తారు. జర్మనీ 2023 నవంబర్ నుంచి డిగ్రీ లేని ఐటీ నిపుణులకు కూడా, తగిన జీతంతో ఉద్యోగం, మూడేళ్ల సంబంధిత అనుభవం ఉంటే బ్లూ కార్డు ఇస్తోంది. అమెరికా హెచ్-1బీ వీసాకు దరఖాస్తు పెట్టేది కంపెనీ, అభ్యర్థి కాదు.

మార్పులు, విమర్శలు

సాంకేతికత మారినంత వేగంగా వర్గీకరణ మారదు. సైబర్ సెక్యూరిటీ అనలిస్ట్, పెనెట్రేషన్ టెస్టర్, డెవ్‌ఆప్స్ ఇంజనీర్ వంటి వృత్తులకు 2021 నాటి సవరణలో గానీ ఆంజ్‌స్కోలో చోటు దొరకలేదు. 2024 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా గణాంక సంస్థ ఆంజ్‌స్కో స్థానంలో ఓస్కా అనే కొత్త వర్గీకరణను విడుదల చేసింది. గణాంకాల్లో మార్పు వచ్చినా, వలస జాబితాలన్నీ వెంటనే దాన్ని అనుసరించవు. అందువల్ల చేస్తున్న పనికి అచ్చంగా సరిపోయే కోడ్ వీసా జాబితాలో లేక, దగ్గరి కోడ్‌తో సర్దుకునేవారు ఇంకా ఉన్నారు.

మార్టిన్ పార్కిన్సన్ నాయకత్వంలో 2023లో వెలువడిన వలస వ్యవస్థ సమీక్ష కూడా నైపుణ్య గుర్తింపు ప్రక్రియ ఆలస్యం, ఖర్చు, క్లిష్టతల గురించి విమర్శించింది. వడపోత ఉండటం తప్పు కాదు. వచ్చాక ఉద్యోగం దొరకక అలమటించడం కన్నా వెళ్లకముందే నిజం తెలియడం మేలు. మారవలసింది కోత నియమం. అర్హత తేల్చడానికి వాడిన ఏళ్లను పాయింట్ల లెక్కలోంచి కూడా తీసేయడం ఒకే లోటుకు రెండుసార్లు మూల్యం కట్టించడమే.

దరఖాస్తు పెట్టేవారికి

ఈ మదింపుకు ఏజెంటు అక్కర్లేదు. ఏసీఎస్ వెబ్‌సైట్‌లో ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవచ్చు. నియమాలూ ఫీజులూ మారుతుంటాయి కాబట్టి తాజా మార్గదర్శకాలను అక్కడే చదవాలి. కంపెనీ మారేటప్పుడు, మేనేజర్ ఇంకా పలకరిస్తున్న రోజుల్లోనే, విధులతో కూడిన లేఖ తీసుకుని దాచుకోవాలి. ఆసక్తి ప్రకటనలో మొత్తం సర్వీసు కాకుండా ఏసీఎస్ తేదీ తర్వాతి సర్వీసునే చూపాలి. ఎక్కువ చూపి ఆహ్వానం తెచ్చుకుంటే వీసా తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. ఫలితం మీద అభ్యంతరం ఉంటే పునఃపరిశీలన కోరవచ్చు. ఏసీఎస్ ఫలితపత్రం రెండేళ్లు చెల్లుతుంది. ఆహ్వానం వచ్చేనాటికి ఆ గడువు దాటిపోతే మళ్లీ ఫీజు కట్టి మదింపు చేయించుకోవలసిందే.